పిలుపు ఎవరికి చేరును?

కొత్తూరు మీదుగా బెంగళూరునకు సాగు 44వ జాతీయ రహదారిపై నిత్యము ఎన్నో కుటుంబములు పెద్దకార్లలో పయనించుచున్నవి. లోపమున్నదని నిర్మాతలే వెనుకకు పిలిచియు మరమ్మతు కాకయే తిరుగుచున్న బండ్లు వానిలో నెన్నియో, ఎక్కినవా రెరుంగుదురా?

ఇది ఊహాభయము కాదు. ఈ రహదారి చెంతనే, పెనుకొండయొద్ద తయారగు కియా కారెన్స్ బండ్లు 44,174 ఎయిర్‌బ్యాగు సాఫ్ట్‌వేరు పరీక్షకై 2022 అక్టోబరులో పిలువబడినవి. 2023 ఆగస్టులో మహీంద్రావారు 1,08,306 ఎక్స్‌యూవీ700 బండ్లను పిలిచిరి. ఇంజను భాగమందలి వైర్లకట్ట ఒరసుకొని తెగవచ్చుననిరి. పిలుచుట తప్పు కాదు, దాచుటయే తప్పు. కాని దీనికి స్వచ్ఛందమను పేరేల? ఇది ఉపకారమా? కాదు, కొన్నవాని హక్కు!

2019 సవరణ చట్టపు 110-ఏ సెక్షను లోపభూయిష్ట వాహనములను వెనుకకు పిలిపించు అధికారమును ప్రభుత్వమున కిచ్చినది. 2021 ఏప్రిల్ 1 నుండి నిబంధనలును అమలునకు వచ్చినవి. జరిమానా కోటి రూపాయల వరకు కలదు. అయినను షోరూము పుస్తకములో నుండునది తొలి యజమాని పేరు. ఆ బండిని పాతధరకు కొన్న కొత్తూరు కార్మికునకు కబురు చేరునను భరోసా యేది?

రవాణాశాఖయొద్ద ప్రతి యజమాని చిరునామాయు గలదు. పేరుమార్పు వేళ ఛాసిస్ సంఖ్యను పిలుపుల జాబితాతో సరిచూచి, మరమ్మతు జరిగినపిమ్మటనే పత్రము నీయవలెను. పన్నుకు దొరకు చిరునామా ప్రాణరక్షణకు దొరకదా?