నల్లరేగడి – బూడిద – నార

పైరుకు పాలిచ్చే నల్లరేగడి, ఇంటిగోడకు మాత్రం ఆసరా ఇవ్వదు. ఆ మట్టిలోని మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజమే ఇందుకు కారణం. దాని పలుచని పొరల నడుమ నీరు చేరగానే నేల ఉబ్బుతుంది. వేసవిలో నీరింకగానే కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. కర్నూలు, గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతాల రేగడి ఊళ్లలో ఈ బాధ తెలియనివారు లేరు. కలవాడు లోతైన పునాది వేసుకోగలడు. అప్పుచేసి రెండు గదులు కట్టుకున్నవాడు ఏటేటా బీటలు పూడ్చుకోవలసినదే.

సున్నమో సిమెంటో కలిపి ఈ నేలను దారికి తెచ్చే పద్ధతి పాతదే. అయితే వాటి తయారీకై సున్నపురాయిని కాల్చినపుడు బొగ్గుపులుసు వాయువు విస్తారంగా వెలువడుతుంది. అందుకు మారుగా థర్మల్ కేంద్రాల బూడిదను, ఉక్కు కర్మాగారాల స్లాగును వాడవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సిలికేట్ వంటి క్షారద్రావణాలు తగలగానే వాటిలోని సిలికా, అల్యూమినాలు కరిగి, తిరిగి బంకవలె గట్టిపడి మట్టిరేణువులను పట్టివేస్తాయి. కొబ్బరిపీచు, జనుము, గోగునార వంటివి తరిగి కలిపితే బీటను సాగనీయవు. మన పెద్దలు గోడమట్టిలో గడ్డి కలిపి తొక్కించినది ఇందుకే కదా!

అయినను, ప్రయోగశాలలో 28 దినాల బలాన్ని చూచి జయఘోష చేయుట తొందరపాటని నా అభిప్రాయం. నేలను కట్టే ఆ క్షారమే కాలక్రమాన నారను తినివేయగలదు. బూడిదలోని భారలోహాలు నీటిలోనికి దిగవచ్చు. ద్రావణం కూలివాని చేతులను కాల్చగలదు. రేగడి స్వభావం కొన్ని వానకాలాలు, కొన్ని వేసవులు గడిస్తేగాని బయటపడదు. కావున పేదవాని పునాదిని పరీక్షాక్షేత్రం చేయరాదు. ముందుగా ఊరిబాటలో కొంత మేర ఈ మిశ్రమం పరచి, ప్రక్కనే ఏమీ కలపని మేరను వదలి, రెంటినీ ఋతువు ఋతువునా కొలిచి చూడవలెను.

థర్మల్ కేంద్రాల బూడిదనంతటినీ వినియోగించవలెనని కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరు 31న ఉత్తరువు వెలువరించింది. బూడిదను వదిలించుకొనే ఆతురతలో నేల మేలు మరుగున పడరాదు.

సాహిత్యం బోధించేవానికి మట్టితో పనియేమని విద్యార్థులు నవ్వవచ్చు. కాని కొలిచి వ్రాసిపెట్టుటకు రసాయనశాస్త్రం అక్కరలేదు. రేగడి ఊళ్లనుండి వచ్చే విద్యార్థులు తమ వీధిలోని గోడబీటల వెడల్పును వానలకు ముందు, వానల తరువాత, నడివేసవిలో కొలిచి తేదీతో వ్రాయవచ్చు. కళాశాల సంఘంవారు అందుకొక రిజిస్టరు ఏర్పరచి, ఏటేటా భద్రపరచవలెనని మనవి. రేపు ఏ ఇంజనీరైనా కొత్త మందుతో ఆ ఊరికి వచ్చిననాడు, అది పనిచేసినదో లేదో తేల్చుటకు ఆ పుటలే సాక్ష్యమగును.