కగార్ వాదనలో మన జిల్లా పేర్లు, బస్తర్ శవాలు

2025 ఏప్రిల్ 27న హుజూరాబాద్ నుంచి వరంగల్ పోయే రోడ్డు మీది ఎల్కతుర్తిలో బీఆర్‌ఎస్ రజతోత్సవ సభ జరిగింది. ఆపరేషన్ కగార్‌ను ఆపాలని, మావోయిస్టులతో మాట్లాడాలని కేసీఆర్ ఆ వేదిక మీంచి కేంద్రాన్ని కోరారు. అదే రోజు జస్టిస్ చంద్రకుమార్, ప్రొఫెసర్ హరగోపాల్ ఉన్న శాంతి చర్చల కమిటీ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని కలిసింది. నక్సలిజాన్ని తాము శాంతిభద్రతల సమస్యగా కాక సామాజిక కోణంలో చూస్తామని ఆయన చెప్పారు. కేంద్ర హోంశాఖ సహాయమంత్రి బండి సంజయ్ మాత్రం తుపాకీ పట్టినవాళ్లతో చర్చల ప్రసక్తే లేదన్నారు. ఆయన కరీంనగర్ ఎంపీ, అంటే హుజూరాబాద్ ఓటర్ల ఎంపీ కూడా.

ముగ్గురివీ మూడు మాటలు. చేతల దగ్గరికి వస్తే తేడా అంత పెద్దగా కనబడదు. 2015 సెప్టెంబర్‌లో తాడ్వాయి అడవుల్లో ఇద్దరు యువ మావోయిస్టులు చనిపోయి రాష్ట్రమంతా అట్టుడికినప్పుడు ముఖ్యమంత్రి కేసీఆరే. హరగోపాల్‌తో సహా 152 మంది మీద తాడ్వాయి స్టేషన్‌లో ఉపా కేసు పెట్టింది కూడా ఆయన పోలీసులే. 2023లో అది బయటికొచ్చి గొడవయ్యాక వెనక్కి తీసుకోమన్నారు. కాంగ్రెస్ వచ్చిన ఏడాదిలోనే, 2024 డిసెంబర్ 1న ఏటూరునాగారం మండలం చల్పాక దగ్గర ఏడుగురు చనిపోయారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వినబడే మానవత్వం సెక్రటేరియట్ మెట్లెక్కాక ఎందుకో గొంతు తగ్గించుకుంటుంది.

కేంద్రం వాదనను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. 2024 నవంబర్‌లో వాజేడు మండలంలో ఒక ఆదివాసీ పంచాయతీ కార్యదర్శిని, అతని అన్నదమ్ముడిని ఇన్‌ఫార్మర్లన్న పేరుతో మావోయిస్టులు చంపారు. అదే మండలంలో ఆ ఏడాది జూన్‌లో వంటచెరకు కోసం గుట్టెక్కిన మనిషి మందుపాతర మీద కాలేసి చనిపోయాడు. 2025 మే 8న ములుగు జిల్లాలో ముగ్గురు తెలంగాణ పోలీసులు బలయ్యారు. కగార్ వద్దనేవాళ్లు ఈ చావుల గురించి ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారన్న విమర్శలో నిజం ఉంది. రాజ్యహింసతో పాటు ఉద్యమ హింసనూ ప్రశ్నించాలన్న బాలగోపాల్ 1998లో మానవ హక్కుల వేదిక వైపు వచ్చింది ఈ లోటు వల్లే.

అయితే ఈ యుద్ధం లెక్క ఎట్లా చెబుతున్నారో చూడండి. 2025లో 312 మందిని హతమార్చామని, 836 మందిని అరెస్టు చేశామని, 1639 మంది లొంగిపోయారని కేంద్ర హోంశాఖ అక్టోబర్‌లో ప్రకటించింది. గడువు 2026 మార్చి 31. తెలంగాణ సరిహద్దులోని కర్రెగుట్టల్లో 21 రోజుల ఆపరేషన్ తర్వాత 31 మృతదేహాలు దొరికాయని చెప్పారు. అందులో 16 మంది ఆడవాళ్లు. వీళ్లలో సాయుధులు ఎందరు, ఊరివాళ్లు ఎందరు, పిల్లలున్నారా అని తేల్చే స్వతంత్ర విచారణ మాత్రం లేదు. ఎన్‌కౌంటర్ చావుల్లో ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ, దగ్గరి బంధువులకు సమాచారం తప్పనిసరని సుప్రీంకోర్టు 2014లో పీయూసీఎల్ కేసులో 16 మార్గదర్శకాలు ఇచ్చింది. గడువు పెట్టుకుని చేసే యుద్ధంలో వాటికి తీరిక ఎక్కడిది?

మన దగ్గర జరిగే చర్చ ఈ అంకెల దాకా కూడా పోదు. పెద్దపల్లి మల్లోజుల సోదరుల దగ్గర ఆగిపోతుంది. కిషన్‌జీ 2011లో బెంగాల్‌లో చనిపోయాడు, తమ్ముడు వేణుగోపాల్ 2025 అక్టోబర్‌లో గడ్చిరోలిలో 60 మందితో లొంగిపోయాడు. ద్రోహమా, వివేకమా అని మన టీ కొట్ల దగ్గర కూడా వాదన. సెప్టెంబర్ 22న ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి వెళ్లిన కడారి సత్యనారాయణ రెడ్డి, కట్టా రామచంద్రారెడ్డి చనిపోతే వాళ్ల చదువులు, వెళ్లిన ఏడాది, ఇంటి వివరాలు అన్నీ పత్రికల్లో వచ్చాయి. రావాల్సిందే. వాళ్లతో పాటు పనిచేసిన బస్తర్ పిల్లల గురించి రెండు లైన్లు కూడా రావు. వాళ్లు ‘కేడర్’.

ఇక్కడే దళిత ఉద్యమం తన పాత ప్రశ్న అడగాలి. నాయకత్వంలో ఎవరు, నేల మీద పడేది ఎవరు అని కె.జి. సత్యమూర్తి 1980లలోనే పీపుల్స్‌వార్ లోపల అడిగి బయటికి రావలసి వచ్చింది. కోరుట్ల దళిత కుటుంబం నుంచి వచ్చిన తిప్పిరి తిరుపతి పేరు పై స్థాయిలో వినబడటానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో చూస్తే ఆ ప్రశ్న పాతబడలేదని తెలుస్తుంది. ఈ విమర్శను పట్టుకుని, అది అగ్రకులాల పార్టీ, పోతే పోనీ అనే బహుజన మిత్రులు ఉన్నారు. వాళ్లతో నాకు ఇక్కడ పేచీ. నాయకత్వం అగ్రకులాలది అన్నది నిజమైతే, చనిపోతున్నవాళ్లు అగ్రకులాల వాళ్లు కారన్నది కూడా అంతే నిజం.

అవతలి వైపు యూనిఫాం లోపల ఉన్నది కూడా అదే మనిషి. సల్వాజుడుం కోసం ఆదివాసీ యువకులను ఎస్పీవోలుగా పెట్టి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తీర్పు చెప్పారు. ఆ తీర్పు లేకపోతే నక్సలిజం ఎప్పుడో అంతమయ్యేదని 2025లో అమిత్ షా ఉపరాష్ట్రపతి ఎన్నిక సందర్భంగా సుదర్శన్ రెడ్డిని తప్పుపట్టారు. స్థానికులను స్థానికుల మీదికి పంపే పద్ధతి డీఆర్‌జీ రూపంలో కొనసాగుతూనే ఉంది. 2025 జనవరి 6న బీజాపూర్‌లో మందుపాతర పేలి ఎనిమిది మంది జవాన్లు, వాళ్ల డ్రైవర్ చనిపోయారు. ఆ ఎనిమిది మందిలో ఐదుగురు ఒకప్పటి నక్సలైట్లే, లొంగిపోయి బలగాల్లో చేరినవాళ్లు. లొంగిపోతే బతకొచ్చని చెప్పి మళ్లీ తుపాకీ చేతికిచ్చి ముందు వరసలో నడిపించడాన్ని పునరావాసం అంటున్నారు.

శవం సంగతి కూడా మాట్లాడాలి. 2025 మే 21న చనిపోయిన మావోయిస్టు ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు కుటుంబం శ్రీకాకుళం నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లింది, నారాయణపూర్ దాకా పోయింది. శవం ఇవ్వలేదు. మే 26న పోలీసులే అక్కడ దహనం చేశారు. దేశమంతా పేరు తెలిసిన మనిషి కుటుంబానికే ఇట్లా జరిగితే, తెలుగో హిందీయో రాని గోండు తల్లి ఏ కోర్టుకు పోతుంది? శవం అడగడం మనకు కొత్త డిమాండ్ కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపిన ఎనిమిది మంది దళితులను ఊరి నడుమనే పూడ్చి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసినా ఆ సమాధులు అక్కడే ఉన్నాయి. ఎన్‌కౌంటర్ శవాలను ఇళ్లకు చేర్చడానికి గద్దర్ తిరిగిందీ మన ఉత్తర తెలంగాణ పల్లెల్లోనే.

బతికి బయటపడ్డవాళ్ల లెక్క ఇంకా అన్యాయం. సల్వాజుడుం కాలం నుంచి ఛత్తీస్‌గఢ్ వదిలి ములుగు, భూపాలపల్లి, భద్రాద్రి అడవుల్లో గుడిసెలేసుకున్న గొత్తికోయలకు తెలంగాణలో ఎస్టీ గుర్తింపు లేదు. పోడు పట్టా రాదు, పిల్లలకు కుల ధ్రువీకరణ పత్రం రాదు. 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది వాళ్ల గుడిసెలు కూల్చారు. సామాజిక కోణం అంటున్న ముఖ్యమంత్రి ఢిల్లీని అడగకుండానే చేయగల పనులు ఇక్కడ చాలా ఉన్నాయి. గుడిసెల జోలికి పోవద్దని అటవీ శాఖకు చెప్పొచ్చు, నీళ్లు, బడి, రేషన్ ఇవ్వొచ్చు, చల్పాక మీద న్యాయ విచారణ వేయొచ్చు.

హుజూరాబాద్‌లో 2021 ఉప ఎన్నికప్పుడు దళితబంధు మీద ప్రతి పార్టీ నాయకుడినీ ఊరూరా నిలదీశాం. ఇప్పుడు హోంశాఖ సహాయమంత్రే మన ఎంపీ. ఆ 312 మందిలో ఎందరి శవాలు ఇళ్లకు చేరాయి, ఎన్ని మెజిస్టీరియల్ విచారణలు పూర్తయ్యాయి, డీఆర్‌జీ మృతుల్లో ఎందరు ఆదివాసీలు, వాళ్ల కుటుంబాలకు ఏమిచ్చారు? ఈ నాలుగు ప్రశ్నలూ ఆయన వచ్చే మీటింగ్‌లో అడగొచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు.