కంప్యూటర్ కబుర్లు: చిన్న ఆదేశాలు, పెద్ద పనులు

సర్వర్ డిస్కు నిండి పని స్తంభించినప్పుడు ఆదుకొనేవి రెండు మూడు అక్షరాల చిన్న ఆదేశాలే. కంప్యూటర్ విభాగంలోని మిత్రులకు, ఇంట్లో లినక్స్ నేర్చుకొంటున్న పిల్లలకు ఉపయోగపడగలవన్న ఉద్దేశంతో అట్టివి కొన్నింటిని ఈ మాసం పరిచయం చేస్తున్నాము.

ఒక ఆదేశం ఇచ్చిన ఫలితాన్ని మరొకదానికి అందించే పద్ధతిని 'పైప్' అంటారు. కీబోర్డుపై గల నిలువు గీతయే దాని గుర్తు. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ 1964లోనే సూచించిన ఈ ఆలోచనను 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో అమలుపరిచారు. ఒక పాఠంలో ఎక్కువసార్లు వచ్చే మాటలను లెక్కించే ప్రోగ్రామును డొనాల్డ్ కనూత్ పలు పుటలలో వ్రాయగా, 1986లో దానిని సమీక్షించిన మెకిల్‌రాయ్ అదే పనిని ఆరు ఆదేశాల గొలుసుతో చేసి చూపారు.

ఆ కిటుకు నేటికీ పనికివస్తుంది. వెబ్ సర్వర్‌పై ఒత్తిడి ఎక్కడినుండి వస్తున్నదో తెలియాలంటే, లాగ్ ఫైలులో సాధారణంగా మొదట ఉండే చిరునామాను 'ఆక్'తో వేరుచేసి, 'సార్ట్'తో వరుసపరచి, 'యూనిక్ -సి'తో లెక్కించి, 'సార్ట్ -ఆర్‌ఎన్'తో పెద్ద సంఖ్యలను పైకి తెచ్చి, 'హెడ్'తో మొదటి పదింటిని చూడవచ్చును. లెక్కకు ముందు సార్ట్ తప్పనిసరి. ఏలయనగా యూనిక్ పక్కపక్కనే ఉన్న వరుసలను మాత్రమే పోలుస్తుంది.

ఇక డిస్కు సంగతి. ఏ విభాగం నిండినదో 'డిఎఫ్ -హెచ్', ఏ డైరెక్టరీ ఎంత ఆక్రమించినదో 'డియు -ఎస్‌హెచ్' తెలుపుతాయి. పాత ఫైళ్లను వెదకడానికి 'ఫైండ్' ఉన్నది. '-ఎంటైమ్ +30' అంటే కనీసం 31 రోజులుగా మార్పు లేని ఫైళ్లని అర్థం.

ఇక్కడే మిక్కిలి జాగ్రత్త అవసరం. '-డిలీట్'ను షరతుకు ముందు వ్రాస్తే, షరతును పరిశీలించక మునుపే ఫైండ్ అన్నింటినీ తుడిచివేస్తుంది. కావున మొదట చివరన '-ప్రింట్' ఉంచి, జాబితాను కండ్లారా చూచి, ఆ తరువాతనే ఆ ఒక్క మాటను మార్చాలి. ఇక్కడ చెత్తబుట్ట లేదు; బ్యాకప్ ఒక్కటే దిక్కు. వాడుకలో ఉన్న లాగ్ ఫైలును తుడిచినా, దానిని తెరచి ఉంచిన ప్రోగ్రాము మూసేవరకు జాగా ఖాళీ కాదని కూడ గమనించగలరు.

పని నెరవేర్చిన ఆదేశాన్ని ఒక ఫైలులో భద్రపరచి, అది దేనికో '#' గుర్తుతో పై వరుసలో వ్రాసి ఉంచండి. బదిలీలు సహజమైన మన ఉద్యోగాలలో, మన తరువాత ఆ కుర్చీలో కూర్చొనేవారికి అంతకు మించిన సాయం లేదు.