తర్వాత ఏం చేసుకుంటుందంటారా?

మా అమ్మాయిని కాలేజీవాళ్లు మనాలి ట్రెక్కింగ్‌కి తీసుకెళ్తున్నారు. బూట్లు, జాకెట్టు కొనాలంది. "నాలుగు రోజుల ముచ్చటకి ఐదు వేలా? తర్వాత ఏం చేసుకుంటుంది?" అన్నారు అత్తయ్య.

ఓణీల ఫంక్షన్‌కి తీసిన పదిహేను వేల పట్టులంగా ఎన్నిసార్లు కట్టింది? ఒక్కసారి. అప్పుడు ఎవరూ ఈ లెక్క అడగలేదు. మా వాడి క్రికెట్ బూట్లకీ అడగలేదు.

"మనవాళ్లు నల్లమల దాటి శ్రీశైలం నడిచి వెళ్లలేదా, బూట్లున్నాయా?" అన్నారు. వెళ్లారు. అరికాళ్ల నిండా బొబ్బలతో వచ్చారు కూడా.

నిజామాబాద్ జిల్లా గిరిజన పిల్ల మలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ధైర్యం ఆ పిల్లదే. అయినా ధైర్యం ఉంది కదా అని హవాయి చెప్పులతో పంపలేదు కదా!

ఒంగోలు వెళ్లాం. షాపతను ముందు గులాబీరంగు బూట్లు తీశాడు. అడుగు చూస్తే నున్నగా ఉంది. అక్కలూ, రంగు కాదు, అడుగున పట్టు చూడండి. పాదాలు కాస్త ఉబ్బే సాయంత్రం పూట, మందం సాక్సులతో వేయించి చూడండి. మెట్లు దిగుతుంటే బొటనవేలు ముందు తగిలితే వద్దనండి. జాకెట్టు వాననీ గాలినీ ఆపాలి, లోపల స్వెట్టర్ పట్టాలి. ఆడపిల్లల జాకెట్లకి ఉత్తుత్తి జేబులు కుట్టారు. మగపిల్లల సైజుల్లో చిన్నది తీసుకున్నాం.

కొత్త బూట్లు కొండమీద కరుస్తాయని ఇప్పుడు రోజూ కురిచేడు స్టేషన్‌దాకా నడిచొస్తోంది. చూసేవాళ్లని చూడనీ.

తర్వాత ఏం చేసుకుంటుందా? మళ్లీ వెళ్తుంది.