క్రొత్త గిటారు – తీగల ఎత్తు



పంట అమ్మిన డబ్బులో కొంత మిగిల్చి పిల్లలకు ఎలక్ట్రిక్ గిటారు కొనిపెట్టిన కుటుంబాలు మన పల్లె సంఘాలలో అక్కడక్కడ ఉన్నవి. కొన్ని నెలలు గడిచేసరికి ఆ గిటారు గోడకు వ్రేలాడుచుండుట కూడ కద్దు. ఏమని అడిగితే, వ్రేళ్లు కోసుకొనిపోతున్నవని జవాబు. పెద్దలు దానిని బద్ధకమనుకొందురు. నేర్చుకొను మొదటి వారాలలో వ్రేళ్లు నొప్పిపెట్టుట సహజమే, కాదనము. అయితే నెలలు గడిచినా నొప్పి తగ్గకపోతే, పిల్లలను గద్దించుటకు ముందు తీగల ఎత్తు చూడవలెనని మేము కోరుచున్నాము.

చౌక గిటార్లు చాలావరకు తీగలు ఎత్తుగా ఉండియే పెట్టెలోనుండి బయటకు వచ్చును. ఎత్తుగా ఉన్న తీగను అదిమిపట్టుటకు బలము కావలెను. అంతేకాదు, అదిమినప్పుడు తీగ సాగి స్వరము పైకి పోవును. శ్రుతి చేసిన గిటారే అపశ్రుతి పలుకును. మరీ దించితే తీగ మెట్లకు తగిలి రేకుడబ్బావలె గరగరలాడును.

ముందుగా తీగలన్నిటిని శ్రుతి చేయండి. శ్రుతి తప్పిన తీగను కొలిచి లాభము లేదు. మెట్టు పైభాగమునకు, తీగ అడుగునకు నడుమనున్న సందు మనము కొలవాలి. బడిపిల్లల ప్లాస్టిక్ స్కేలులో సున్నాకు ముందు కొంత ఖాళీ ఉంటుంది గనుక అంచునుండే గీతలు మొదలయ్యే ఇనుప స్కేలు మేలు. బజారులో దొరికే చౌక గిటార్లలో అనేకము 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కు అనుకరణలే. దానిని తయారుచేసిన ఫెండర్ సంస్థ 17వ మెట్టు వద్ద సుమారు 1.6 మి.మీ. ఎత్తు సూచించినది. చేయి విసిరి గట్టిగా వాయించువారికి లావు తీగల వైపు 2 మి.మీ. ఉన్నా తప్పులేదు. ఎవరో పేరుగల వాద్యకారుని తీగలు మెట్లను అంటీ అంటనట్లుండునని విని అలాగే దించబోవుట వృథా. ఆయన చేతి మెత్తదనము మనకు స్క్రూలతో రాదు.

బ్రిడ్జి జోలికి పోకముందు మెడ చూడాలి. లావు తీగను మొదటి మెట్టు వద్ద, చివరి మెట్టు వద్ద ఒకేసారి అదిమితే, 7వ, 8వ మెట్ల దగ్గర 0.25 మి.మీ. సందు ఉంటే చాలును. మోటారు సైకిలు మెకానిక్కులు టాపెట్లు సరిచేయుటకు వాడే రేకుల గేజి ఇక్కడ చక్కగా పనికివచ్చును. సందు బాగా ఎక్కువైతే మెడ లోపలి ఇనుప కడ్డీని బిగించాలి, అసలు లేకుంటే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు మించరాదు. బిగుసుకొని తిరగకపోతే బలవంతము చేయక, తెలిసినవారికి చూపించండి.

వీణలో గుర్రమని పిలిచేదే గిటారులో బ్రిడ్జి. స్ట్రాటోకాస్టర్ రకములో ఒక్కొక్క తీగ క్రింద ఒక చిన్న దిమ్మె, దానికి రెండు సన్నని స్క్రూలు ఉంటవి. అలెన్ కీతో రెంటినీ సమానంగా ఎడమకు త్రిప్పితే తీగ దిగును, కుడికి త్రిప్పితే లేచును. పావు చుట్టు, మరల శ్రుతి, మరల కొలత. పలక కొంచెము వంపుగా ఉంటుంది గనుక ఆరు తీగలను బల్లపరుపుగా పెట్టరాదు. నడిమి తీగలు ఆ వంపుననుసరించి కాస్త పైకుండాలి. లెస్ పాల్ రకానికైతే అటొకటి ఇటొకటి రెండే చక్రములు, పని త్వరగా అయిపోవును.

తరువాత ప్రతి తీగను ప్రతి మెట్టు మీద, రోజూ వాయించేంత బలముతోనే మీటి చూడండి. ఉత్తగా వాయించినప్పుడు వినబడిన కొద్దిపాటి గరగర ఆంప్లిఫైయరులో వినబడకపోతే విడిచిపెట్టవచ్చును. ఒక్క మెట్టు వద్ద మాత్రమే తీగ గరగరలాడితే ఆ ప్రక్క మెట్టు లేచియుండవచ్చును; అది మరమ్మతు చేయువాని పని. బిరడల దగ్గరి నట్టు గాడులను ఇంట్లో ఆకురాయితో రాయవద్దు. ఎక్కువ రాస్తే నట్టే మార్చవలసి వచ్చును.

వానాకాలములో చెమ్మకు మెడ మరల కదలును గనుక అప్పుడొకసారి, ఎండలు ముదిరినప్పుడొకసారి కొలవండి. మొదట ఉన్న కొలతలు ఒక కాగితముపై వ్రాసి, అలెన్ కీతో కలిపి గిటారు సంచిలోనే ఉంచండి.