మూడున్నర రూపాయల వడ్డీకి మన ఊళ్లో ఎవరైనా అప్పు తీసుకుంటారా?

‘అన్నా, పీజీలో ఉంటూ పీజీ కోసం డబ్బులు దాస్తున్నా’... ఈ వారం వచ్చిన ఒక ఉత్తరం ఇలా మొదలైంది. నవ్వొచ్చింది. రెండో పేరాకి వచ్చేసరికి నవ్వు పోయింది.

పేరు రాయొద్దంది కాబట్టి రాయను. జగిత్యాల దగ్గర ఊరు. వయసు 25. హైదరాబాద్‌లో ఉద్యోగం, కూకట్‌పల్లిలో లేడీస్ హాస్టల్. చేతికొచ్చే జీతం 36 వేలు. మొన్న మార్చిలో గేట్ రిజల్ట్ వచ్చింది. ఎన్‌ఐటీలో ఎంటెక్ సీటు వచ్చేంత స్కోరుంది. జులై ఆఖర్లో క్లాసులు. ఇంతవరకూ అన్నీ శుభవార్తలే.

ఇక రెండో పేరా. రెండు క్రెడిట్ కార్డులు. ఒకదాని మీద 1,12,000, ఇంకోదాని మీద 48,000 బాకీ. మొత్తం లక్షా అరవై వేలు. అందులో 45 వేలు గేట్ కోచింగ్ ఫీజు, ఒక ల్యాప్‌టాప్, అమ్మ పంటి వైద్యం, గోవా ట్రిప్పు, ‘మిగతాది ఎక్కడికి పోయిందో నాకే తెలీదు’. ఏడాదిన్నరగా మినిమమ్ డ్యూ కడుతోంది. ఇంకోపక్క ఫీజు కోసమని 1,10,000 ఎఫ్‌డీ చేసి పెట్టుకుంది. ‘అది మాత్రం ముట్టుకోను అన్నా, అది చదువు డబ్బు’ అని రాసింది. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసే వాళ్ల నాన్నకు ఈ కార్డుల సంగతి తెలియదు. ‘మా బాపుకు తెలిస్తే తట్టుకోలేడు’. ఉత్తరంలో ఈ మాట మూడుసార్లు ఉంది.

చెల్లీ, ముందు వడ్డీ సంగతి మాట్లాడుకుందాం. బాపు సంగతికి తర్వాత వద్దాం.

బ్యాంకులు శాతాల్లో మాట్లాడతాయి. మన ఊళ్లలో రూపాయల్లో మాట్లాడతారు. నూటికి నెలకి ఎంత అన్నదే లెక్క. రూపాయి వడ్డీ అంటే మంచి మనిషి ఇచ్చాడని అర్థం. రెండు రూపాయలంటే మామూలు. మూడు రూపాయలంటే, ‘అంత అవసరం ఏమొచ్చిందిరా?’ అని అడుగుతారు. అయిదు రూపాయలంటే ఆ ఇల్లు ఎక్కువ కాలం నిలవదని వీధంతా అనుకుంటుంది.

ఇప్పుడు నీ కార్డు స్టేట్‌మెంట్ తీసి చూడు. కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది. పెద్ద కార్డు నెలకి 3.5 శాతం, చిన్నది 3.75 శాతం అని నువ్వే రాశావు. అంటే మూడున్నర రూపాయల వడ్డీ, మూడుంబావలా వడ్డీ కాదు, మూడు రూపాయల డెబ్బై అయిదు పైసల వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిపితే నాలుగు రూపాయలు దాటింది. ఊళ్లో ఎవరైనా ఈ రేటుకి అప్పిస్తానంటే మీ బాపు గుమ్మం ఎక్కనిస్తాడా? ఏసీ షోరూమ్‌లో, నవ్వుతూ, రివార్డ్ పాయింట్లతో ఇచ్చారు కాబట్టి మనకి తెలియలేదు. అంతే తేడా.

అదే రూపాయల లెక్కలో మిగతావీ చూడు. నీ ఎఫ్‌డీ 7 శాతం అనుకుంటే నీకొచ్చేది 58 పైసల వడ్డీ. బ్యాంకులో బంగారం పెట్టి తీసుకుంటే రూపాయికి అటూ ఇటూ. ఎడ్యుకేషన్ లోన్ 10 శాతం అనుకుంటే 83 పైసలు. ఈ నాలుగు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే ఏ డబ్బు ఎక్కడికి వెళ్లాలో నేను చెప్పక్కర్లేదు. కానీ నువ్వు చేస్తున్నది సరిగ్గా తలకిందులు. 58 పైసలు సంపాదించే డబ్బుని దేవుడి హుండీలా కాపాడుతూ, నాలుగు రూపాయలు తినే అప్పుని అలాగే పెంచుతున్నావు.

నెలకి ఎంత పోతోందో చూద్దాం. పెద్ద కార్డు వడ్డీ 3,920. చిన్నది 1,800. జీఎస్టీ 1,030. మొత్తం దాదాపు 6,750. మినిమమ్ డ్యూ 5 శాతం లెక్కన నువ్వు కట్టేది 8,000. అసలులో తగ్గేది 1,250! అది కూడా ఆ నెల కార్డు అస్సలు గీకకపోతేనే. పాత బాకీ ఉన్నంతకాలం ఆ 45 రోజుల వడ్డీలేని సదుపాయం కూడా ఉండదు. కొత్తగా కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ. ఇరానీ చాయ్ తాగినా సరే.

కోర్టులు ఆపవా అని కొందరు అడుగుతుంటారు. ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అంది. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. కాబట్టి ఎవరో వచ్చి వడ్డీ తగ్గిస్తారని ఎదురు చూడకు.

ఇలాగే క్యాంపస్‌కి వెళ్లావనుకో. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 స్టైపెండ్. అందులో 8,000 కార్డులకి పోతే మిగిలేది 4,400. పైగా మొదటి స్టైపెండ్ ఒకట్రెండు నెలలు ఆలస్యంగా పడటం క్యాంపస్‌లలో కొత్త కాదు. ఆ రెండు నెలలు కార్డు ఎవరు కడతారు? ఇంకో కార్డా? సీటు వదులుకుని ఊరుకునేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నువ్వు ఆగొద్దు. నీకు ఇంకా నాలుగు నెలలుంది.

ఎఫ్‌డీ ఈ వారమే రద్దు చెయ్

ముందే విరగ్గొట్టినందుకు వడ్డీలో కొంచెం కోస్తారు. కొయ్యనీ. వచ్చిన లక్షా పదివేలలో 30 వేలు పక్కన పెట్టు. కౌన్సెలింగ్‌లో సీటు ఖాయం చేసుకోవడానికి అప్పటికప్పుడు కట్టాల్సి వస్తుంది. మిగిలిన 80 వేలలో 48 వేలతో చిన్న కార్డు పూర్తిగా తీర్చెయ్. దానిదే ఎక్కువ వడ్డీ. మిగతా 32 వేలు పెద్ద కార్డుకి. ఇప్పుడు మిగిలిన బాకీ 80 వేలు.

చదువు డబ్బు చదువుకే అన్న నీ పట్టుదల నాకు అర్థమవుతుంది. కానీ డబ్బుకి పేరు పెట్టుకునేది మనం. వడ్డీకి ఆ పేర్లు తెలియవు. ఆ 80 వేలు బ్యాంకులో ఉంటే నెలకి దాదాపు 470 తెస్తుంది, కార్డులో వేస్తే 3,450 పోకుండా ఆపుతుంది.

మిగిలిన 80 వేలకి నీ ఉత్తరం చివర్లోనే దారి ఉంది. ‘హాఫ్‌శారీ ఫంక్షన్‌కి అమ్మమ్మ పెట్టిన తులంన్నర గొలుసు ఉంది కానీ...’ అని ఆపేశావు. ఆ ‘కానీ’ దగ్గరే అసలు విషయం ఉంది, వస్తా. ఇప్పుడున్న బంగారం ధరకి తులంన్నర మీద బ్యాంకులో 80 వేలు ఇబ్బంది లేకుండా ఇస్తారు. వీధి చివర బోర్డులు చూసి వెళ్లకు, ముందు ప్రభుత్వ బ్యాంకులో రేటు అడుగు. మధ్యమధ్యలో అసలు కట్టుకోవచ్చా అని కూడా అడుగు. ఆ డబ్బుతో పెద్ద కార్డు కూడా సున్నా చెయ్.

హాస్టల్, తిండి, బస్సు, ఇంటికి పంపే 6,000 పోను నెలకి 16 వేలు మిగులుతుందన్నావు. ఏప్రిల్, మే, జూన్ జీతాల్లోంచి 16 వేల చొప్పున గొలుసు మీద కడితే జూన్ ఆఖరికి మిగిలేది దాదాపు 33,600. అదే 80 వేలు కార్డు మీదే ఉంచి అంతే కడితే 40,300 మిగిలేది. మూడు నెలల్లో 6,700 తేడా.

గొలుసు వద్దనుకుంటే కార్డు బాకీని ఈఎంఐగా మార్చమని బ్యాంకుని అడగొచ్చు. రూపాయింబావలా, రూపాయిన్నర వడ్డీ పడుతుంది, మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు. ఇప్పుడున్న దానికన్నా నయమే. కానీ క్యాంపస్‌లో చేరాక కూడా ఈఎంఐ వెంటాడితే కష్టం.

ఒకటి మాత్రం మర్చిపోకు. నీ నోటీసు పీరియడ్ రెండు నెలలు. మే ఆఖర్లో రిజైన్ చేస్తే జులై ఆఖరికి బయటపడతావు. చాలా కంపెనీల్లో ఆఖరి నెల జీతం టైమ్‌కి పడదు, ఫుల్ అండ్ ఫైనల్‌లో నెల, నెలన్నర తర్వాత వస్తుంది. జులై జీతం చేతికొచ్చేది సెప్టెంబర్‌లోనే అనుకో. ఆగస్టు చేతి ఖర్చుకి జూన్ నుంచే కొంచెం పక్కన పెట్టుకో. ఆ ఆఖరి జీతంతో గొలుసు విడిపించుకోవచ్చు. బతుకమ్మ నాటికి మెళ్లో ఉంటుంది.

ఇక ఫీజు. రెండేళ్లకీ హాస్టల్‌తో కలిపి 3,20,000 అవుతుందన్నావు. దీనికి ఎడ్యుకేషన్ లోనే. అప్పు తీర్చమని చెప్పి మళ్లీ అప్పేంటి అంటావా? 83 పైసల అప్పు వేరు, నాలుగు రూపాయల అప్పు వేరు. కోర్సు జరిగినన్నాళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎన్‌ఐటీల లాంటి సంస్థల్లో చేరేవాళ్లకి తాకట్టు, హామీదారు లేకుండా ఇస్తారు. అప్లికేషన్ విద్యాలక్ష్మి పోర్టల్‌లోనే. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. అయితే వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ అందుకునేవాళ్లకి ఆ రాయితీ రాదు. నీ స్టైపెండ్‌ని ఎలా చూస్తారో బ్యాంకులో ముందే అడుగు.

‘ఎడ్యుకేషన్ లోన్ ఎక్కువ తీసుకుని కార్డులు కట్టేస్తే?’ అని అడిగావు. తెలివైన ఆలోచనే, కానీ కుదరదు. బ్యాంకు సెమిస్టర్ సెమిస్టర్‌కి ఫీజుని కాలేజీ ఖాతాలోనే వేస్తుంది.

కార్డు వాళ్లు ఫోన్ చేసి ‘సగం కట్టండి, సెటిల్ చేస్తాం’ అంటే ఒప్పుకోకు. సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అన్న ముద్ర పడుతుంది, ‘క్లోజ్డ్’ అని కాదు. లోన్ అడగబోయే ముందు ఆ ముద్ర అస్సలు వద్దు. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి వివరాలు పంపుతున్నాయి కాబట్టి, ఈ నెల బాకీ తీరిస్తే జూన్‌లో లోన్‌కి వెళ్లేసరికి రిపోర్టులో కనపడుతుంది. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తారు, తీసి చూసుకో. చిన్న కార్డు మూయించెయ్. పెద్దదాని లిమిట్ పదివేలకి తగ్గించి, యాప్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లు ఆఫ్ చెయ్.

ఇప్పుడు ఆ ‘కానీ’

ఎడ్యుకేషన్ లోన్‌లో నీతోపాటు మీ అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. బ్యాంకు నీ రిపోర్టు తీస్తుంది. ఏడాదిన్నర మినిమమ్ డ్యూల చరిత్ర అందులో ఉంటుంది. మేనేజర్ టేబుల్ ముందు, ఖాకీ చొక్కాలో మీ బాపు కూర్చుని ఉండగా, ‘అమ్మా, ఈ కార్డులేంటి?’ అని అడిగితే? తెలియడం ఎలాగూ తెలుస్తుంది. ఎవరి నోటి నుంచి అన్నదే నీ చేతిలో ఉంది. గొలుసు సంగతీ అంతే. అమ్మకి తెలియకుండా తాకట్టు పెట్టావనుకో, నాలుగు రోజుల్లో ఏ పెళ్లికో వేసుకోమంటుంది.

నాదీ ఒక కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ పద్నాలుగు నెలలు మినిమమ్ డ్యూ కట్టాను. ఆ బ్యాంకు పేరెందుకులే. ఒకరోజు రికవరీ వాళ్లు ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఎత్తారు. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నారు. తిడతారనుకున్నా. ‘వడ్డీ ఎంత?’ అన్నారు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ‘నూటికి మూడు రూపాయలా? నన్ను అడిగితే రూపాయికి తెచ్చేవాణ్ని కదరా’ అన్నారు. ఆయన బాధ అప్పు చేసినందుకు కాదు, అడగనందుకు. ఆ పద్నాలుగు నెలల్లో కట్టిన వడ్డీ ఎంతో తర్వాత లెక్క వేశాను. ఇక్కడ రాయను, సిగ్గుగా ఉంది.

మీ బాపు ముప్పయ్యేళ్లుగా టికెట్లు కొట్టి, సాయంత్రం పైసలతో సహా లెక్క అప్పజెప్పే మనిషి. ఏడుస్తూ చెబితే భయపడతాడు. లెక్కగా చెబితే అర్థమవుతుంది. అందుకే ఎఫ్‌డీ రద్దు చేసి, చిన్న కార్డు తీర్చేశాకే వెళ్లు. రెండు స్టేట్‌మెంట్లూ ప్రింట్ తీసుకో, గేట్ స్కోర్‌కార్డు కూడా. ఒక తెల్ల కాగితం మీద నాలుగు వరుసలు రాసుకో: ఇంత ఉండేది, ఇంత తీర్చాను, ఇంత మిగిలింది, గొలుసు ఇప్పుడు విడిపిస్తాను. ముందు స్కోర్‌కార్డు చూపించు, తర్వాత కాగితం.

శనివారం సాయంత్రం జేబీఎస్ నుంచి జగిత్యాల బస్సులుంటాయి. ఆయన డ్యూటీ దిగి, స్నానం చేసి, అన్నం తిన్నాక మాట్లాడు. ఏమన్నాడో నాకు రాయి.