ఆయనది కార్క్, ఆవిడది టిప్పరేరీ

నేను ఐర్లండు వెళ్ళివచ్చానని యీ శీర్షికలో ఒకసారి రాసిన పాపానికి, ఆ దేశాన్ని గురించి ఎవరికే సందేహం వచ్చినా నాకే ఉత్తరం రాస్తున్నారు. యీ వారం కాకినాడనుంచి ఒక సోదరి యిలా అడిగారు:

"మా అమ్మాయీ అల్లుడూ డబ్లిన్‌లో వుంటున్నారు. తొమ్మిదేళ్ళ మనవడు అక్కడి క్లబ్బులో చేరి హర్లింగట, కర్ర పుచ్చుకుని ఆడుతున్నాడు. వీడియోలో చూస్తే నా గుండె ఆగినంత పనయింది. పిల్లలు బంతిని కొడుతున్నారో ఒకరినొకరు కొట్టుకుంటున్నారో బోధపడలేదు. పైగా వాడిప్పుడు ఫోనులో 'అమ్మమ్మా, బాగున్నావా?' అనడం మానేసి, ఏ కౌంటీ గొప్పదో నాతో వాదిస్తున్నాడు. అక్కడ పెద్దవాళ్ళూ యింతేనా? అంత వాదించుకోవలసింది అందులో ఏముందండీ?"

అమ్మా, పెద్దవాళ్ళు మీ మనవడికంటె అన్యాయం. వాడు ఫోను పెట్టేశాక అన్నం తింటాడు. వాళ్ళు అదీ మానేస్తారు.

ముందు ఆట సంగతి. హర్లింగులో జట్టుకు పదిహేనుమంది. చేతిలో యాష్ అనే చెట్టు కలపతో చేసిన కర్ర వుంటుంది. చివర వెడల్పుగా, కాస్త వంపు తిరిగి, మన వంటింటి అట్లకాడను మూడడుగులు సాగదీసినట్టు వుంటుంది. దాన్ని హర్లీ అంటారు. బంతి ఇంచుమించు టెన్నిసు బంతి అంతే గాని, తోలుతొడుగుతో గట్టిగా వుంటుంది. నేలమీద కొట్టవచ్చు, గాలిలో కొట్టవచ్చు, కర్రమీద నిలబెట్టుకుని పరుగెత్తవచ్చు. గోలుకు రెండు నిలువు స్తంభాలు, మధ్య ఒక అడ్డకమ్మీ. కమ్మీ కిందనుంచి వలలోకి పోతే గోలు, దానికి మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒక్క పాయింటే. గేలిక్ ఫుట్‌బాల్‌కూ యిదే మైదానం, యిదే లెక్క. అందులో బంతిని చేత్తో పట్టుకోవచ్చు. అయితే నాలుగడుగులు వేసేసరికి నేలకు కొట్టడమో, కాలితో తన్ని మళ్ళీ చేతికి తెచ్చుకోవడమో చెయ్యాలి.

2010 నుంచి హర్లింగు ఆడే ప్రతివారూ ముఖానికి జాలీ వున్న హెల్మెట్ పెట్టుకు తీరాలి. అంచేత మనవడి పళ్ళగురించి మీకు బెంగ వద్దు. వేళ్ళమాట మాత్రం నేను హామీ యివ్వలేను.

ఇక వాదన సంగతి. 2025 జూలైలో నేను కార్క్ నగరంలో మా తమ్ముడి యింట్లో వున్నాను. పక్కింట్లో ఒక వృద్ధ దంపతులు. ఆయన తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు, కార్క్ మనిషి. ఆవిడ టిప్పరేరీ ఆడపడుచు. కార్క్‌లో కాపురానికి వచ్చి నలభైయేళ్ళు దాటింది. ఐర్లండులో కౌంటీ అంటే మన జిల్లా వంటిది. మొత్తం 32. దేశం రెండు రాజ్యాలుగా చీలినా ఆట మాత్రం చీలలేదు, రెండు వైపుల కౌంటీలూ ఒకే పోటీలో దిగుతాయి. మన ఆడపిల్లకు పెళ్ళయితే గోత్రం మారిపోతుంది గదా, అక్కడ యింటిపేరు మార్చుకున్నవాళ్ళు కూడా కౌంటీ మార్చుకోరు. ఆ యేడాది హర్లింగు ఫైనల్‌కు వచ్చినవి కార్కూ, టిప్పరేరీ. ఆ యింటి వీధివైపు కిటికీలు రెండు. ఒకదానికి కార్క్ ఎర్రజెండా, రెండోదానికి టిప్పరేరీ నీలం, పసుపు జెండా. మధ్యన వీధితలుపు, సరిహద్దులాగ.

జూలై 20, ఆదివారం. మమ్మల్నీ టీవీ చూడడానికి పిలిచారు. కార్క్ 2005 తరవాత కప్పు మొహం చూడలేదు. అంతకుముందు యేడే, 2024లో, అదనపు సమయం దాకా లాగి క్లేర్ చేతిలో ఒక్క పాయింటుతో ఓడింది. ఈసారి సెమీఫైనల్లో డబ్లిన్‌మీద ఏడు గోల్స్ కొట్టి వచ్చింది. ఊరికి యింకేం కావాలి? సగం ఆట అయ్యేసరికి కార్క్ ఆరు పాయింట్లు ముందుంది. పెద్దాయన లేచి, తనే టీ కాచి, భార్యకు కప్పు అందిస్తూ, "మీవాళ్ళు కూడా బాగానే ఆడుతున్నారు" అన్నారు. అంతకంటె పెద్ద తిట్టు లేదని మా తమ్ముడు నా చెవిలో చెప్పాడు.

రెండో సగంలో ఏమయిందో ఆ ఊళ్ళో యెవరినీ అడగకండి. ముప్పైయైదు నిమిషాల్లో కార్క్ చేసినవి రెండు పాయింట్లు. టిప్పరేరీ మూడు గోల్స్ కొట్టింది. ఒక కార్క్ ఆటగాణ్ణి రిఫరీ బయటికి పంపించాడు. కార్క్‌కు పెనాల్టీ దొరికితే టిప్పరేరీ గోల్‌కీపరు ఆపేశాడు. చివరికి టిప్పరేరీ 3-27, కార్క్ 1-18. అంటే 36కు 21. మొదట్లో ఆవిడ చప్పట్లు కొడుతూ వచ్చారు. రెండో గోలు తరవాత చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. మూడో గోలు పడ్డాక వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమసాగారు. తన జట్టు గెలుస్తూంటే ఆవిడ చూడలేకపోయారు, పక్కన ఆయన మొహం అలా వుంది మరి.

ఆ ఆదివారం ఎవరూ మాట్లాడలేదు. వాదన సోమవారం మొదలయింది. రొట్టెల దుకాణంలో, చర్చి మెట్లమీద, బస్సులో, పెద్దాయన గోడదగ్గర, అందరికీ ఒకటే మాట. సగం ఆటకి అంత బాగా ఆడినవాళ్ళకి పావుగంట విశ్రాంతిలో ఏం చెప్పారు? ఫలానావాణ్ణి ముందే యెందుకు మార్చలేదు? తప్పు శిక్షకుడిదా, కుర్రాళ్ళదా? సెమీఫైనల్లో ఏడు గోల్స్ కొట్టడమే కొంప ముంచిందని ఒకాయన సిద్ధాంతం. మన పెళ్ళిళ్ళలో పప్పులో ఉప్పు యెక్కువయినప్పుడు వంటవాడి తాతదాకా వెళ్ళి చర్చించరూ, అలాగన్నమాట.

ఒక కుర్రవాడు కాస్త నోరు జారి, ఒక ఆటగాణ్ణి పేరు పెట్టి బూతుమాట అన్నాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. "నెమ్మది. వాడి మేనత్త ఎక్కడో మన వెనకే నిలబడి వుంటుంది" అన్నారు.

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు ఆ మాటలో వుందని నాకనిపిస్తుంది. యీ ఆటల్లో ఎంత గొప్ప ఆటగాడికైనా జీతం లేదు. ప్రయాణం ఖర్చులిస్తారు. ఆదివారం క్రోక్ పార్కులో 82,000 మంది కళ్ళముందు ఆడినవాడు సోమవారం బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పుకోవాలి, లేదా పొలంలో ఆవులు చూసుకోవాలి. డబ్బిచ్చి వేరే కౌంటీవాణ్ణి కొనితెచ్చుకునే పద్ధతి లేదు. చిన్ననాడు ఏ క్లబ్బులో కర్ర పట్టాడో ఆ క్లబ్బుకే ఆడతాడు. ఆ క్లబ్బు యే కౌంటీలో వుంటే ఆ కౌంటీకి ఆడతాడు. అంచేత అక్కడి అభిమానులు విమర్శించేది యెక్కడివాణ్ణో కాదు, మన వీధి చివర ఫలానావారబ్బాయిని. మైదానంలో రెండు పక్షాలవారినీ వేరుచేసి కూర్చోబెట్టరు. కలిసే కూర్చుని, కలిసే అరుచుకుంటారు.

అలాగని అందరూ మా పక్కింటాయనలాగ వుంటారని కాదు. టిప్పరేరీ తరపున ఆడిన డారా మెకార్తీకి అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఆ యేడే కార్క్‌తో జరిగిన మాచిలో ఆట మొదలవుతూనే ఎర్రకార్డు తిని బయటికి పోయాడు. సెమీఫైనల్లో మళ్ళీ పంపించేశారు. అలాంటివాణ్ణి ఫైనల్లో దించవచ్చునా అని పక్కింటావిడా, ఆవిడ అన్నగారూ రెండు వారాలు ఫోనులో తగువులాడుకున్నారు. అన్నగారు వద్దనే పక్షం. ఆ పిల్లవాడు ఫైనల్లో ఒక గోలూ పదమూడు పాయింట్లూ చేశాడు. మొత్తం పదహారు. అన్నగారు మర్నాడు ఫోను చేసి, తానెప్పుడూ వద్దనలేదన్నారట!

డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నాం గనక తిట్టే హక్కు మాకుందనే రకం యీమధ్య బయలుదేరిందని పెద్దాయన విచారం. ఆ టిక్కెట్టు సొమ్ములో ఆ కుర్రవాడి జేబులోకి ఒక్క కానీ పోదు గదా, మరి హక్కు యెలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆటగాళ్ళకు జీతాలివ్వాలా వద్దా అన్నది అక్కడ యెన్నాళ్ళకూ తెగని వాదన. ఇంత పెద్ద స్టేడియం నిండుతూంటే ఆడేవాడు వారానికి నాలుగు రాత్రులు వానలో సాధన చేసి, ఉత్తచేతులతో యింటికి పోవడం న్యాయమా అని ఒక పక్షం. ఇస్తే ధనం వున్న కౌంటీలే మిగులుతాయి, చిన్న కౌంటీలు ఆరిపోతాయి అని రెండో పక్షం. నేను యిద్దరి మాటా విన్నాను. పుస్తకాలు కొనడానికి డబ్బు లేని కాలేజీ కుర్రవాడి విషయంలో మొదటి పక్షం, మిగతా అన్నిటా రెండో పక్షం.

ఫుట్‌బాల్ అభిమానుల తగువు వేరు. కొన్నేళ్ళుగా జట్టంతా తన గోలు ముందే గుమిగూడి, బంతిని పక్కకీ వెనక్కీ అందించుకుంటూ కాలక్షేపం చేస్తోందని, చూసేవాళ్ళకు నిద్ర వస్తోందని గోల. 2025లో కొత్త నిబంధనలు తెచ్చారు. ముగ్గురు ఆటగాళ్ళు యెప్పుడూ అవతలి సగంలోనే వుండాలి. 40 మీటర్ల గీత బయటినుంచి కమ్మీపైగా కొడితే రెండు పాయింట్లు. ఈ మార్పులు చేసిన సంఘానికి పెద్ద జిం గావిన్, డబ్లిన్‌ను వరసగా 2015 నుంచి 2019 దాకా గెలిపించిన శిక్షకుడు. ఆట బాగుపడిందని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. ఆ ఊపులో ఆయన ఆ యేడే దేశాధ్యక్ష పదవికి నిలబడి, మధ్యలోనే విరమించుకున్నారు. ఆ ఆటకు నిబంధనలు వేరు కాబోలు.

ఫుట్‌బాల్ వాళ్ళకు హర్లింగువారి గర్వం గిట్టదు. కిల్కెన్నీ కౌంటీ హర్లింగులో 36 సార్లు గెలిచింది, అందరికంటె యెక్కువ. ఫుట్‌బాల్ సీనియర్ పోటీకి మాత్రం యెన్నో యేళ్ళుగా జట్టునే పంపదు. ఫుట్‌బాల్‌కు పుట్టిల్లనిపించుకున్న కెర్రీకి 2025తో 39 కప్పులు.

ఇక శాపాలు వినండి. పడమటి మేయో కౌంటీ 1951లో గెలిచి లారీమీద ఊరేగుతూ, దారిలో ఒక శవయాత్ర యెదురైతే ఆగకుండా పోయిందట. అక్కడి మతగురువు, ఆ జట్టులోవారంతా పోయేదాకా మీకు కప్పు లేదని శపించాడట. నిజం యెంతో గాని, 1989 నుంచి 2021 దాకా పదకొండు ఫైనల్స్‌లో ఓడింది. 2021 సెప్టెంబరులో ఫైనల్ ఓడిన రెండు వారాలకే ఆనాటి జట్టులో ఆఖరాయన కాలం చేశారు. 2025 దాకా కప్పు మాత్రం రాలేదు. ఇప్పుడు శాపంమీద నెపం పెట్టడానికి కూడా లేదు, పాపం. క్లేర్ కౌంటీ 81 యేళ్ళు గెలవకపోతే బిడ్డీ ఎర్లీ అనే మంత్రగత్తె శాపమన్నారు. ఆవిడ పోయింది 1874లో. ఆటల సంఘం పుట్టిందే 1884లో, థర్లస్ ఊళ్ళో ఒక హోటల్లో. పుట్టని సంఘాన్ని శపించడం గొప్ప సంగతే.

నవ్వుకునే సంగతులకు వెనక నవ్వులాటకానివీ వున్నాయి. 1920 నవంబరు 21న డబ్లిన్, టిప్పరేరీ జట్లు క్రోక్ పార్కులో ఫుట్‌బాల్ ఆడుతూండగా ఇంగ్లీషు దొరతనంవారి బలగాలు లోపలికి వచ్చి కాల్పులు జరిపాయి. పధ్నాలుగురు పోయారు. అందులో ఒకడు టిప్పరేరీ ఆటగాడు మైకేల్ హోగన్. కప్పు అందుకునే గ్యాలరీకి యీనాటికీ అతని పేరే. ఆ గ్యాలరీ చూపించి మాట్లాడేటప్పుడు మా పక్కింటావిడ గొంతు తగ్గింది.

ఆడవాళ్ళ హర్లింగును కమోగీ అంటారు. వాళ్ళు పావడాలాంటి దుస్తే వేసుకోవాలని 2025 దాకా నియమం వుండేది. 2025 మేలో డబ్లిన్, కిల్కెన్నీ అమ్మాయిలు నిక్కర్లతో మైదానంలోకి వస్తే, మార్చుకుంటేగాని ఆడనివ్వమన్నారు. దేశమంతా దానిమీద చర్చే. ఆ నెలలోనే సంఘం వోట్లు తీసుకుంటే నూటికి 98 మంది అమ్మాయిల పక్షాన నిలిచారు. ఆ యిద్దరు వృద్ధులూ నాకు తెలిసి ఏకాభిప్రాయం చెప్పిన విషయం యిదొక్కటే.

మీ ఉత్తరం చివర, "వాడు యెంత ఆడినా ఆ ఊరివాడు అనిపించుకుంటాడా?" అని చిన్న అక్షరాలతో రాశారు. దానికి నేను జవాబు చెప్పడంకంటె, 2005లో కార్క్ కప్పు గెలిచినప్పుడు జట్టు నాయకుడెవరో చెబుతాను: షాన్ ఓగ్ ఓ హాల్పీన్. తల్లిది పసిఫిక్ సముద్రంలో ఫిజీకి చెందిన రొటూమా దీవి. కప్పు పుచ్చుకుని ఆయన ఐరిష్ భాషలో ఉపన్యాసమిచ్చారు. మీ మనవడి క్లబ్బు డబ్లిన్‌ది గనక వాడి కౌంటీ డబ్లిన్. ఫుట్‌బాల్‌లో పులి, హర్లింగులో 1938 తరవాత కప్పు లేదు. అయినా 2025లో ఒక ఆటగాడు తక్కువై పధ్నాలుగురితోనే లిమరిక్‌ను ఓడించింది. ఈసారి వాడు వాదనకు దిగితే మీరు ఆ మాట అనండి. ఆశ్చర్యపోతాడు.

పక్కింటి జెండాల సంగతి చెప్పడం మరిచాను. ఫైనల్ అయిన మర్నాటికి ఎర్రజెండా లేదు. నీలం, పసుపు జెండా బుధవారందాకా వుంది. ఆ ఉదయం ఆవిడ స్టూలెక్కి దాన్ని విప్పబోతూంటే ఆయన వచ్చి, "అప్పుడే యెందుకు? వారం అయినా కానీ" అన్నారు. అని, వూగుతున్న ఆ స్టూలును రెండు చేతులతో పట్టుకున్నారు.